ఎస్కేపు రూము

మేము హైదరాబాదు యాత్ర ముగించుకొని వచ్చిననాటినుండి క్రింది తరగతుల బాలబాలికలు మమ్మడుగుచున్న ప్రశ్న యొక్కటే. చార్మినారెట్లున్నదని గాని, గోలకొండ కోటకు మెట్లెన్నియని గాని వారడుగుట లేదు. "ఎస్కేపు రూమనగా నేమి? మిమ్ము నిజముగా లోపల నుంచి తాళము వేసిరా? భయము కలుగలేదా?" అని మాత్రమే యడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేఱువేఱుగ చెప్పుటకంటె ఈ సంచికలో అందఱకు నొక్కమాఱు చెప్పుట మేలని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఎస్కేపు రూమనునది యొక ఆట. ఇద్దఱు మొదలు ఎనమండుగురి వఱకు గల జట్టును ఒక గదిలోనికి పంపుదురు. ఆ గది యేదో యొక కథకు తగినట్లు అలంకరింపబడి యుండును. ఒకచోట నది పాతకాలపు చెఱసాల; ఒకచోట అపరాధపరిశోధకుని కార్యాలయము; మఱొకచోట రాజుగారి కోశాగారము. గదిలోని పెట్టెలకును సొరుగులకును తాళములుండును. వాటిని తెఱచు తాళపుచెవులు, అంకెలు, గుర్తులు ఆ గదిలోనే యెచ్చటనో దాగియుండును. ఒక పెట్టె తెఱచినచో రెండవదానికి దారి దొరకును. సాధారణముగా అఱువది నిమిషములు గడువు. ఆలోపల కడపటి తాళమును తెఱచినవారు గెలిచినట్లు. ఇందు బలముతో పని లేదు. చూచుట, ఆలోచించుట, తోచినదానిని తోడివారికి చెప్పుట, యీ మూడే కావలసినవి.

ఈ యాట పుట్టి యెక్కువ కాలము కాలేదు. 2004లో జపానుదేశీయుడగు తకాగి తోషిమిత్సు "క్రిమ్సన్ రూమ్" అను కంప్యూటరు ఆటను కల్పించెను. అందు ఆడువాడు ఎఱ్ఱని గదిలో చిక్కుకొని, తెరపై కనబడు వస్తువులను వెదకుచు బయటపడవలెను. 2007లో క్యోటో నగరమున కతో తకావొ అనునతడు, స్క్రాప్ అను సంస్థ పక్షమున, అట్టి యాటను తెరమీదినుండి దించి నిజమైన గదిలో నిజమైన మనుష్యులచేత ఆడించెను. 2011లో హంగరీ రాజధానియగు బుడాపెస్టులో "పారాపార్క్" అను శాల వెలసెను. పిమ్మట ఈ వినోదము యూరపు ఖండమంతట వ్యాపించి, అమెరికాకును మన దేశమునకును వచ్చెను. హైదరాబాదులో నేడిట్టి శాలలు పెక్కు గలవు.

మేము పటమటనుండి చీకటితోనే బయలుదేరి, విజయవాడ స్టేషనులో శాతవాహన ఎక్స్‌ప్రెస్సునెక్కి సికిందరాబాదు చేరితిమి. మఱునాటి సాయంకాలము మాస్టరుగారు మా యెనమండుగురిని అట్టి యొక శాలకు తీసికొనిపోయిరి. అచ్చట మొదట మా సంచులను, సెల్‌ఫోనులను ఒక బీరువాలో భద్రపఱచిరి. ఆట నడుపు యువకుడు నియమములను చెప్పెను. దేనిని బలవంతముగా లాగరాదు, గోడలెక్కరాదు, విద్యుత్తీగెలను, ఎఱ్ఱచీటి యంటించిన వస్తువులను ముట్టరాదు. ఆతడు బయట కూర్చుండి కెమేరాలో మమ్ము చూచుచుండును. దారి తోపనిచో మూడుసార్లు ఆతని సహాయము కోరవచ్చును. గోడమీది గడియారములో అంకెలు 60నుండి వెనుకకు దిగసాగినవి. మొదటి యైదు నిమిషములు అందఱమును ఒక్కసారిగ మాటలాడితిమి గాని ఒకరి మాట యొకరికి వినబడలేదు. ఇది ప్రతి జట్టుకును జరుగునదే యని ఆ యువకుడు పిమ్మట చెప్పెను.

అందలి యొక చిక్కును మాత్రము వివరించెదము. బల్లమీద చదరంగపు పలక యుండెను. కావులన్నియు చిందరవందరగా పడియుండెను. ప్రక్కనే తాళపురంధ్రము లేని యొక చిన్న పెట్టె. దొరికిన చీటి యింగ్లీషులో నుండెను. ఇట్టి శాలలలో చీటీలు చాలవఱకు ఇంగ్లీషుననే యుండునని మీరెఱిగియుండుట మంచిది. మాలో ఇంగ్లీషు బాగుగ చదువు బాలిక దానిని బిగ్గఱగా చదివి, రాజు తన స్థానమును చేరిననాడు కోశము తెఱచుకొనునని తెలుగున చెప్పెను. మాలో నొకనికి చదరంగము ప్రాణము. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి యాటలన్నియు వెదకి వెదకి చూచువాడతడు. తెల్లరాజు నల్లగడిలోను, నల్లరాజు తెల్లగడిలోను ఆట మొదలు పెట్టుదురని చెప్పి, ఆతడు తెల్లరాజును దాని గడిలో నిలిపెను. పెట్టె కదలలేదు.

అప్పుడు మాలో మఱియొకడు ముందునకు వచ్చెను. ఆతని తండ్రి మా ఆటోనగరులో లారీలకు విద్యుత్పని చేయువాడు. తరగతిలో వెనుకబల్లపై కూర్చుండి, అడిగినగాని నోరు విప్పని బాలుడాతడు. రాజులనిద్దఱను చేతులలోనికి తీసికొని, బల్లయొక్క యినుపకాలికి ఆనించి చూచెను. తెల్లరాజు జాఱిపడెను; నల్లరాజు అంటుకొని నిలిచెను. "దీని అడుగున అయస్కాంతము పెట్టినారు. పెట్టెకు తాళము లేదు. బల్లలోపల స్విచ్చి యుండును. ఈ రాజునే పెట్టి చూడుడు" అని చెప్పెను. నల్లరాజును తెల్లగడిలో నిలుపగానే లోపల టక్కుమని శబ్దమై పెట్టె మూత లేచెను.

మేము గెలువలేదు. కడపటి తాళముకడ నుండగానే గడియారము సున్నకు వచ్చెను. ఆ యువకుడు నవ్వుచు వచ్చి మిగిలిన మర్మమును విప్పి చూపెను. కాని తిరుగు ప్రయాణమున మేము మాటలాడుకొన్నది ఓటమినిగూర్చి గాదు, ఆ చిన్నపెట్టెను గూర్చియే. ఇంగ్లీషెఱిగినవారికి చదరంగము తెలియదు. చదరంగమెఱిగినవానికి అయస్కాంతపు సంగతి తోపలేదు. అయస్కాంతమును పట్టుకొన్నవాడు ఆ చీటిని తనంతట తాను చదువుకొనగలవాడు గాడు. ముగ్గురిలో నే యొక్కరు తమకు తెలిసినదానిని దాచుకొన్నను పెట్టె మూసియే యుండును.

మాది ర్యాంకుల పట్టణము. బెంజి సర్కిలు మొదలు ఎటు చూచినను గోడలపై బాలబాలికల ఫొటోలును, వాటిక్రింద అంకెలును కనబడును. వ్రాసినది ప్రక్కవానికి కనబడకుండ మోచేయి అడ్డము పెట్టుట మాకు చిన్ననాటినుండి యలవాటు. పరీక్షలో నది న్యాయమే. కాని పరీక్ష ముగిసిన పిమ్మటను ఆ మోచేయి అడ్డముగనే నిలిచిపోవుట కలదు. ఆటోనగరు మిత్రుడు పదవ తరగతితో చదువు చాలించి తండ్రికి తోడుగ పనిలో చేరవలెనని తలచుచుండెను. మార్కులు తక్కువగుటయే కారణము. రైలులో మాస్టరుగారు ఆతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఐ.టి.ఐ. యనగా నేమో, పాలిటెక్నిక్కు ప్రవేశపరీక్ష యెట్లుండునో ఖమ్మము దాటువఱకు చెప్పుచునే యుండిరి. ఇప్పుడాతడు ప్రతిసాయంకాలము చదరంగపు మిత్రునియొద్ద లెక్కలు చెప్పించుకొనుచున్నాడు. పరీక్షలు కాగానే మేమెనమండుగురము ఎవరి దారిని వారు పోవలసినవారము. అందాక నైనను తెలిసినదానిని దాచుకొనరాదని నిశ్చయించుకొన్నాము.

ఇక తలుపు సంగతి. మేము లోనికి పోకమునుపే మాస్టరుగారు ఆ యువకుని, "ప్రమాదము వచ్చినచో పిల్లలు బయటికి వచ్చు దారి యేది?" అని యడిగిరి. ఆతడు వాకిలి ప్రక్కనున్న పచ్చని మీటను చూపి నొక్కగా తలుపు వెంటనే తెఱచుకొనెను. ఆ తలుపునకు విద్యుదయస్కాంతపు తాళము. ద్వారబంధమున తీగచుట్టయు, తలుపున ఉక్కుపలకయు నుండును. విద్యుత్తు ప్రవహించుచున్నంతసేపు చుట్ట అయస్కాంతమై పలకను పట్టి యుంచును. ప్రవాహమాగినచో పట్టు విడిచిపెట్టును. కావున కరెంటు పోయినను ఆ తలుపు మూసికొనిపోదు, తెఱచుకొనును. మా భౌతికశాస్త్ర పాఠములోని మేకు, రాగితీగె, బ్యాటరీ ప్రయోగమే అచ్చట ఎనిమిది ప్రాణములకు కాపలా కాయుచుండెను.

ఈ ప్రశ్న అనవసరమని యెవరును తలపరాదు. 2019 జనవరి 4వ తేదీన పోలండు దేశములోని కొషాలిన్ పట్టణమున ఐదుగురు బాలికలు తమలో నొకతె జన్మదినమునకై యిట్టి శాలకు పోయిరి. అందఱును పదునైదేండ్లవారు, మా యీడువారు. వెలుపలి గదిలోని గ్యాసు తాపయంత్రమునుండి మంటలు లేచెను. వారున్న గదినుండి తప్పించుకొనుటకు తగిన మార్గము లేకపోయెను. ఐదుగురును మరణించిరి. ఆ పిమ్మట ఆ దేశపు ప్రభుత్వము ఇట్టి శాలలన్నిటిని తనిఖీ చేయించి, పెక్కింటిని మూయించెను. అంత దూరమేల? మా విజయవాడలోనే 2020 ఆగస్టు 9వ తేదీ తెల్లవాఱుజామున, కోవిడు రోగులనుంచిన యొక హోటలులో మంటలు చెలరేగి పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఆటగది యైనను, హోటలైనను, సినిమాహాలైనను, కడకు మన తరగతిగది యైనను, బయటి దారి యెటున్నదో ముందుగ చూచుకొనుట పిఱికితనము గాదు.

భారతములో నీ నీతి రెండు కథలుగ నున్నది. అభిమన్యునకు పద్మవ్యూహమును ఛేదించి లోనికి పోవుటయే తెలియును. వెలికివచ్చు విధము తెలియదు. ఆ వీరుని కథ యెట్లు ముగిసినదో యెల్లరెఱుగుదురు. లక్కయింటి కథ వేఱు. వారణావతమునకు బయలుదేరు ధర్మరాజునకు విదురుడు ఇతరులకు బోధపడని మాటలతో ప్రమాదమును సూచించెను. ధర్మరాజు దానిని గ్రహించి, తనలోనే దాచుకొనక, తల్లికిని తమ్ములకును తెలిపెను. పిమ్మట విదురుడు పంపిన ఖనకుడు ఆ యింటినుండి రహస్యముగ బిలమును త్రవ్వెను. కావుననే ఇల్లు కాలిననాడు పాండవులు అందులేరు. లక్కయింటినుండి వారిని దాటించినవి రెండు: దారి ముందుగ సిద్ధమై యుండుట, తెలిసినవాడు తోడివారికి చెప్పుట.

తమ్ములారా, చెల్లెండ్రారా, మీలో నెవరైన నిట్టి శాలకు పోదలచినచో మా మాటలివి. పెద్దవారిని వెంటబెట్టుకొని పొండు. కథ యెట్టిదో ముందే అడుగుడు. కొన్ని గదులలో చీకటియు, భయపెట్టు శబ్దములును ఉండును. మూసిన గదిలో ఊపిరాడనట్లుండువారు ఆ సంగతిని సిగ్గుపడక చెప్పుడు. నిర్ణీతకాలమునకు పావుగంట ముందుగనే చేరుడు. అత్యవసరద్వారమును చూపమని కోరుడు. చూపలేనిచో, చెల్లించిన సొమ్ము పోయినను సరే, వెనుదిరిగి రండు. లోపల దొరికిన ప్రతి వస్తువును బల్లమీద అందఱకు కనబడునట్లుంచుడు. మీలో మాటలాడనివాడెవడో చూచి, వానికేమి తోచినదో తప్పక యడుగుడు.

— పదవ తరగతి విద్యార్థులు, పటమట