నాచారం దారిలో రంది, పలకరింపు

హైదరాబాదు ఉప్పల్ చౌరస్తాలో 2023 జూన్‌లో ప్రారంభమైన స్కైవాక్ మీద నిలబడినవారికి వరంగల్ రహదారి, మెట్రో మార్గం ఒక్క చూపులోనే కనిపిస్తాయి. ఇంత రద్దీ చూశాక, ఇదే మెట్రో కోవిడ్ కారణంగా 2020 మార్చి 22న ఆగి సెప్టెంబరు దాకా కదలలేదంటే నమ్మబుద్ధి కాదు. అక్కడి నుంచి హబ్సిగూడ మీదుగా నాచారం పారిశ్రామికవాడకు చేరే సందర్శకుడు, ఆ ఏడాది దుఃఖాన్ని కార్మిక కుటుంబాలు ఎలా మోశాయో తెలుసుకోవాలనుకుంటే, ముందుగా రెండు మాటలను అర్థం చేసుకోవలసి ఉంటుంది.

మొదటిది ‘రంది’. తెలంగాణ వాడుకలో ఇది వచ్చిపోయే విచారం కాదు, లోపల తిష్ఠ వేసి మనిషిని తినేసే దిగులు. రెండవది ‘పలకరింపు’, అంటే చావు జరిగిన ఇంటికో, కష్టంలో పడ్డ ఇంటికో చుట్టపక్కాలు వెళ్లి, మాట్లాడడానికి ఏమీ లేకపోయినా కాసేపు కూర్చుని రావడం. రంది జబ్బు కాదు. నిద్ర, ఆకలి చెడి, ఏ పని మీదా ఆసక్తి లేని స్థితి రెండు వారాలకు మించి సాగినప్పుడే వైద్యులు దాన్ని కుంగుబాటుగా అనుమానిస్తారు. జబ్బు కానిదానికి ఊరు ఎరిగిన మందు పలకరింపే. అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదన్న 2020 నాటి నిబంధన, అంటువ్యాధి దృష్ట్యా అవసరమే అయినా, సరిగ్గా ఆ మందునే అందకుండా చేసింది. ఫోనులో పరామర్శలు సాగాయి గాని, మాట ఆగితే ఫోను పెట్టేయవలసిందే. పక్కన మౌనంగా కూర్చోవడం దానివల్ల కాదు.

నాచారంలో ఎన్.టి.రామారావు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో కూడా ఉన్నందువల్ల, తెర మీది కన్నీళ్లకూ ఈ ప్రాంతం కొత్త కాదు. కార్మికుడికి మాత్రం ఇక్కడ ముఖ్యమైన చిరునామా ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) ఆసుపత్రి. 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఈ బీమాలో, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్న కార్మికుడు 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తారు. ఉపాధి పోయిన బీమాదారులకు సగటు దినవేతనంలో పావు వంతుగా ఉన్న భృతిని 2020 మార్చి 24 నుంచి సగానికి పెంచి, 90 రోజుల వరకు ఇచ్చే ఏర్పాటు చేశారు. పని పోయిన 30 రోజులకే, యజమానితో సంబంధం లేకుండా, కార్మికుడే దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. రందికి మూలం ఇంటి అద్దె అయిన చోట ఏ ఓదార్పు కన్నా ఈ సగం కూలీయే మేలు. అయితే బీమా చీటీ లేని రోజుకూలీకి ఇది వర్తించదు, ఆ లోటు చిన్నది కాదు.

మనసు సంగతికి ప్రభుత్వ మార్గం కొంత ఆలస్యంగా వచ్చింది. 2020 సెప్టెంబరు 7న ‘కిరణ్’ సహాయవాణి మొదలైంది. 2022 అక్టోబరు 10న ‘టెలీ మానస్’ వచ్చింది. దాని ఉచిత నంబరు 14416, అందులో రాత్రీపగలూ తెలుగులో మాట్లాడవచ్చు.