శాస్త్రిగారి గృహదర్శనము



గత వేసవి సెలవులలో మా వారితో గూడ ఢిల్లీనగరమునకు బోయితిని. కోటలను, సమాధిమందిరములను జూచి కన్నులు తనిసిన పిమ్మట, "ఇక దేశమేలిన యొక పేదవాని యిల్లు చూపెదను" అని మా వారు నన్ను మోతీలాల్ నెహ్రూ ప్లేసునకు గొనిపోయిరి. అచట లాల్ బహదూర్ శాస్త్రిగారి స్మారకగృహము గలదు. వారు ప్రధానమంత్రిగా నివసించిన జనపథములోని పదవ నంబరు బంగళా దీని ప్రక్కనే యున్నది.

రాజవైభవమును జూడ నాశించి లోన నడుగిడిన నాకు, మన యిండ్లలో నుండునట్టి వస్తువులే కానవచ్చినవి. 1904వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన మొగల్ సరాయిలో జన్మించిన యీ మహనీయుని తండ్రి బడిపంతులు. బిడ్డకు రెండేండ్లు నిండకమునుపే యాయన గతింపగా, తల్లి రామదులారీదేవి పుట్టినింట నుండి బిడ్డలను బెంచినది. 'శాస్త్రి' యనునది వంశనామము గాదు. కాశీవిద్యాపీఠమున జదివి పొందిన పట్టము. 1928లో లలితాదేవిని బెండ్లాడినపుడు వారు కట్నముగా గైకొన్నవి ఒక రాట్నమును, కొంత ఖద్దరును మాత్రమేనట!

మన తెలుగుసీమకును వారి చరిత్రకును ఒక దుఃఖబంధము గలదు. 1956 సెప్టెంబరులో మహబూబునగరము చెంత వంతెన కూలి రైలు పడిపోగా, రైల్వేమంత్రిగా నున్న శాస్త్రిగారు ఆ బాధ్యత తమదేయని రాజీనామా నిచ్చిరి. నెహ్రూగారు దాని నంగీకరింపలేదు. నవంబరులో తమిళదేశమున అరియలూరు వద్ద మరల నట్టి ఘోరమే జరుగగా, పదవిని విడిచియే తీరిరి.

1965లో ఒకవంక యుద్ధము, మఱియొకవంక తిండిగింజల కొరత. వారమున కొకపూట భోజనము మానుడని శాస్త్రిగారు ప్రజలను గోరిరి. అంతకు ముందే యొకనాటి రాత్రి పొయ్యి రాజవేయవలదని యిల్లాలితో జెప్పి, తమ పిల్లలు పస్తున కోర్వగలరో లేదో చూచిరట. ఆకలిగొన్న బిడ్డల మొగములను జూచుచు ఆ రాత్రి గడపినది తల్లియే గదా!

ఆ యింట నన్ను గదలనీయక నిలిపినది వెన్నవన్నె గల యొక పాత ఫియట్ కారు. ప్రధానమంత్రియైన పిదప పిల్లల కోరికపై దానిని గొనదలపగా, వెల పండ్రెండువేల రూపాయలు. చేత నున్నవి ఏడువేలు. తక్కిన 5,000 రూపాయలను పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు దెచ్చిరి. అది తీరకమునుపే, 1966 జనవరి 11వ తేదీన తాష్కెంటులో వారు కన్నుమూసిరి. లలితాదేవి తనకు వచ్చు పింఛనులో నుండి ఆ ఋణమును దీర్చినది. భర్త సత్యసంధతను లోకము కొనియాడును. ఆ సత్యమును నెలనెల లెక్కగట్టి చెల్లించినది ఇల్లాలు.

ఆ కారు ముందు నిలిచినపుడు నాకు మా యూరి వృద్ధురా లొకతె మనస్సున మెదలినది. మా మామగారు ఆమె వద్ద కొంత పైకము బదులు దెచ్చిరి, పత్రము లేదు. ఆయన పోయిన పిదప ఆమె రెండుమార్లు మా గుమ్మము వఱకు వచ్చి, అడుగలేక మరలిపోయినది. తీర్చుదమని మా వా రనగా, "వ్రాత లేని యప్పేమి యప్పు?" అని యడ్డుపడినదానను నేనే.

తిరుగు ప్రయాణమున రైలులో ఆ మాట మా వారితో నేనే యెత్తితిని. వారేమియు ననక నా వంక జూచి చిరునవ్వు నవ్విరి. ఇల్లు చేరిన మఱునాడు మొదటి వాయిదా సొమ్మును నేనే గొనిపోయి యామె చేతిలో బెట్టితిని. ఇంకను నాలుగు నెలల బాకీ మిగిలియున్నది.