ఎర్ర పట్టీ ఉంటే మసి ఉండదు

స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లు. 1:72 మోడల్‌లో అది పదిహేనున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ. మోడల్ కిట్ల సంస్థ ఎయిర్‌ఫిక్స్ తెచ్చిన తొలి విమానం కిట్ ఇదే. ముక్కలు అతికించడం ఒక ఎత్తు, రంగులు వేయడం ఒక ఎత్తు.

1940 నాటి స్పిట్‌ఫైర్‌కు పైన ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు. కింద ‘స్కై’ అనే లేత ఆకుపచ్చ. అవి ఆరాక నిగనిగలాడే వార్నిష్ పూత పడాల్సిందే. గరుకు రంగు మీద డెకాల్ (గుర్తులుండే పల్చటి స్టిక్కర్) అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా తెల్లగా మెరుస్తుంది. డెకాల్స్ కుదురుకున్నాక ప్యానెల్ గీతల్లోకి పల్చటి నల్లరంగు పారించి, మిగిలింది దూదితో తుడిచి, ఆఖరున మెరుపు తగ్గించే మ్యాట్ పూత.

అసలు సరదా మరకల దగ్గరే.

కాక్‌పిట్ ఎక్కేటప్పుడు బూట్లు పడే రెక్క మొదట్లో రంగు లేచిపోవాలి. ఇంజిన్ గొట్టాల వెనక పొగ చార సాగాలి. తుపాకుల నోళ్లలోకి తేమ, దుమ్ము దూరకుండా సిబ్బంది ఎర్ర గుడ్డ పట్టీలు అంటించేవారు. కాల్పులు మొదలవగానే అవి చిరిగిపోయేవి, రెక్క కింద మసి పారేది. అందుకే పట్టీలు చెక్కుచెదరకుండా ఉన్న మోడల్‌కు కింద మసి పూసి ఉంటే, విషయం తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.