ఇప్పటికే నీ మీద ఏ మంత్రాలున్నాయి?

సంక్రాంతి సెలవులకు కంకిపాడు వచ్చిన మా మనవడు, ఇద్దరు మిత్రులతో కలిసి మూడు రోజులు వసారా వదలలేదు. వారు ఆడినది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు రూపొందించగా 1974లో వెలువడిన ఆట. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరించి కథ నడుపుతారు, ఒకడు నిర్వాహకుడు. తలపెట్టిన పని ఫలించేదీ లేనిదీ 20 ముఖాల పాచిక తేలుస్తుంది. నాలుగు గవ్వలతో అష్టాచెమ్మా ఆడి పెరిగిన నాకు అంతవరకు అర్థమైంది. వేదకాలపు జూదంలో పాచికలుగా వాడినవి త్రిఫల చూర్ణంలో చేరే తానికాయలే. వైద్యానికీ పాచికకూ చుట్టరికం పాతది.

రెండవనాడు ఒక పిల్లవాడు నడవ నిండా సాలెగూడు పరిచే మంత్రం వేశాడు. శత్రువులు చిక్కుకున్నారు. మరొకడు వెంటనే నిప్పు మంత్రం ప్రయోగించాడు. గూడు భగ్గుమన్నది. అందులో మా మనవడి పాత్ర కూడా ఉన్నది! ఆ గూడు అంటుకుంటుందని నియమాల పుస్తకంలోనే ఉన్నదట. ఆ ఉత్సాహంలో ఎవరికీ గుర్తు రాలేదు. పాచిక వేయించే ముందు నిర్వాహకుడు మా వాణ్ణి అడిగాడు: “ఇప్పటికే నీ మీద ఏ మంత్రాలున్నాయి?”

చేతిలోని పత్రిక పక్కన పెట్టాను. ఆ ప్రశ్న అడగవలసిన చోట నేను ఒకసారి అడగలేదు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో, ఒక మే నెలలో, 60 దాటిన రైతుకు రక్తపోటు తగ్గడానికి ఎనలాప్రిల్, దానితోపాటు నీరు తీసే మాత్ర వ్రాశాను. రెండూ సరైన మందులే. మోకాళ్ళ నొప్పికి ఆయన దుకాణంలో డైక్లోఫెనాక్ కొని రోజుకు రెండు వేసుకుంటున్నారని నాకు తెలియదు. ఆయన చెప్పలేదు కదా అని చాలాకాలం సమర్థించుకున్నాను. ఎండలో పొలం పని, ఆపైన రెండు రోజుల విరేచనాలు. కొడుకు తీసుకువచ్చేసరికి మూత్రం దాదాపు ఆగిపోయింది.

మన డెల్టావారికి ఇది సులువుగా బోధపడుతుంది. మూత్రపిండంలోని ప్రతి జల్లెడకూ ఎగువన ఒక తూము, దిగువన ఒక తూము ఉన్నాయనుకోండి. కాలువలో నీరు తగ్గినప్పుడు శరీరం ఎగువ తూము తెరిచి, దిగువ తూము బిగించి, జల్లెడ వద్ద ఒత్తిడి నిలుపుకుంటుంది. డైక్లోఫెనాక్ ఎగువ తూమును తెరవనివ్వదు. ఎనలాప్రిల్ దిగువ తూమును బిగించనివ్వదు. నీరు తీసే మాత్ర, విరేచనాలు కలిసి కాలువనే ఎండగడతాయి.

మూడు మాత్రలూ ఆపి, సెలైన్ ఎక్కించాము. ఆయన బ్రతికారు. మూత్రపిండాలు మాత్రం పూర్వస్థితికి రాలేదు. ఆ ఏడు కోతలయ్యాక నాకు కొత్త బియ్యం తెచ్చి ఇచ్చారు. ఆ బస్తా అందుకోవడం నాకు చాలా కష్టమైంది.

అవే మూడు మాత్రలు అదే ఎండలో వేసుకుని ఏమీ కానివారూ ఉంటారు. అందుచేతనే జనం నమ్మరు. “మా బావగారు వేసుకుంటున్నారు, నిక్షేపంలా ఉన్నారు” అంటారు. బావగారికి పాచిక మంచిగా పడింది. అయితే పాచిక పూర్తిగా గుడ్డిదీ కాదు. ఆ ఆటలో పడిన అంకెకు పాత్ర సామర్థ్యాన్ని బట్టి మరొక అంకె కలుపుతారు, లేదా తీసివేస్తారు. వయస్సు, ఎండ, వాంతులు, విరేచనాలు, మధుమేహం మన లెక్కలో తీసివేతలు.

వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న మాత్రల అట్టలన్నీ, నాటుమందు పొట్లంతో సహా, సంచిలో వేసుకుని వెళ్ళండి. రక్తపోటు మాత్రలు మీకు మీరుగా మానవద్దు. విరేచనాలు పట్టుకున్న రోజున ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో అడిగి తెలుసుకోండి.

మా మనవడి పాత్రకు ఆనాడు 18 పడి బయటపడింది. రాత్రి భోజనాల వద్ద వాడు, “తాతయ్యా, మీ మీద ఎన్ని ఉన్నాయి?” అన్నాడు. లెక్కపెట్టి ఐదన్నాను. మోకాలికి అప్పుడప్పుడు వేసుకునే ఆరవదాన్ని వంటింట్లోంచి వాళ్ళ నాయనమ్మ గుర్తుచేసింది.