ఆ చెప్పులెవరు కుట్టారు?

మా నాయన జన్మలో చూసిన సినిమాలు నాలుగైదుకు మించవు. అందులో ఒకటి పాతాళభైరవి. 1951లో వచ్చిన ఆ సినిమాను ఆయన చాలా ఏళ్ళ తర్వాత తెనాలిలో నేల టిక్కెట్టు కొనుక్కుని చూశాడు. ఆ కథకు మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో ఉందని ఆయనకు తెలియదు. చదువు రాదు. తోటమాలి కొడుక్కి రాజుగారి కూతుర్నిచ్చారన్న సంగతి మాత్రం మర్చిపోలేదు. "సినిమా గాబట్టి ఇచ్చారు. మనూళ్ళో అయితే ఆ తోటలోనే పాతేసేవోళ్ళు" అని నవ్వేవాడు. సినిమాల గురించి, పుస్తకాల గురించి నేను తర్వాత చదివిన విమర్శ చాలావరకు ఆ ఒక్క మాట ముందు తేలిపోయింది.

మాది తెనాలి దగ్గర ఒక ఊళ్ళో మాదిగ గూడెం. నాయన చెప్పులు కుట్టేవాడు. చెట్టుకింద ఆరె, రంపి, గూటం పెట్టుకుని, పక్కన నీళ్ళ ముంతలో తోలుముక్క నానేసుకుని కూచునేవాడు. ఆసాములకు కిర్రు చెప్పులు కుట్టేవాడు. ఏడాది పొడుగునా కుడితే కళ్ళం దగ్గర మేర ఇంత కొలిచి పోసేవాళ్ళు. కిర్రు సరిగ్గా పలకకపోతే ఆ మేరలో కోత. తను కుట్టిన చెప్పులు తను తొడుక్కుని పెద్దబజారు దాటేవాడు కాదు. బజారు రాగానే విప్పి చేత్తో పట్టుకుని, దాటాక మళ్ళీ తొడుక్కునేవాడు. ఇది నా చిన్నప్పుడు చూసిందే, తాతల కాలం ముచ్చట కాదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు, 1988లో, ఇంగ్లీషు నాన్‌డిటెయిల్డుగా హెచ్.జి. వెల్స్ రాసిన టైమ్ మెషీన్ కుదించిన పుస్తకం పెట్టారు. సన్నటి పుస్తకం. మధ్యలో రెండు మూడు బొమ్మలు. హాస్టల్లో నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం కూడబలుక్కుని చదివాను. సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, నాకు ఇంగ్లీషు వచ్చిందని చూపించుకోవాలి గదా, నాయన పక్కన కూచుని ఆ కథ చెప్పాను. ఒకాయన యంత్రం ఎక్కి ముందుకాలానికి పోయాడు, 8,02,701వ సంవత్సరంలో దిగాడు, అక్కడ ఈలాయ్ అనే పొట్టి మనుషులున్నారు, అందంగా ఉంటారు, పండ్లు తింటారు, ఆడుకుంటారు, పాడుకుంటారు అని.

నాయన తల ఎత్తలేదు. "పని?" అన్నాడు.

"చెయ్యరు."

"గుడ్డలు కట్టుకుంటారా?"

"మంచి గుడ్డలే కట్టుకుంటారు."

"కాళ్ళకి?"

పుస్తకం తిరగేసి బొమ్మ చూశాను. "చెప్పులున్నాయి."

"ఎవరు కుట్టారు?"

నాకు చిరాకేసింది. కథ ఎక్కడ, ఈయన అడిగేదెక్కడ! ఇంకా ముందుకు పోయి, భూమి కింద చీకట్లో మోర్లాకులనే రాక్షసులుంటారని, రాత్రిళ్ళు పైకొచ్చి ఈ అందమైన వాళ్ళను పట్టుకు తింటారని చెప్పాను. నాయన దారం పంటితో తెంపి, "కిందోళ్ళు రాచ్చసులని ఎవురన్నారు? పైనోళ్ళేగా. సరిగ్గా సదువు" అన్నాడు. అంతే. ఆయన పని ఆయనది.

ఆరేళ్ళ తర్వాత హైదరాబాదులో పీజీ చేస్తూ, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అసలు పుస్తకం దొరికింది. పది రూపాయలు. 1895 నాటి నవల అచ్చంగా, కోత లేకుండా. హాస్టలుకు తెచ్చుకుని రాత్రి చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఆ ప్రయాణికుడు ఈలాయ్‌ల మధ్య కొన్నాళ్ళుండి ఒక చిక్కు ప్రశ్న వేసుకుంటాడు. వీళ్ళకు దుకాణాలు లేవు, కార్ఖానాలు లేవు, ఎవరూ పనిచేయరు. మరి చినిగిన బట్టలు మళ్ళీ ఎలా వస్తున్నాయి? కాళ్ళకున్న చెప్పులు అంత పనితనంతో ఉన్నాయే, వాటిని ఎవరో ఒకరు చెయ్యాలి కదా? నేను పుస్తకం మూసి బయటికొచ్చి నిలబడ్డాను. చదువురాని మా నాయన చెట్టుకింద అడిగిన ప్రశ్న పుస్తకంలోనే ఉంది. మాకు పెట్టిన కుదింపులో దాన్ని తీసేశారు. పిల్లలకు అక్కర్లేదనుకుని ఉంటారు.

జవాబు కూడా వెల్స్ చెప్పాడు. పనిచేసేవాళ్ళను యజమానులు నేల కిందికి నెట్టారు, నెట్టి నెట్టి చివరికి వాళ్ళు వేరే జాతి అయిపోయారు. పాత అలవాటుగా పైవాళ్ళకు బట్టలూ చెప్పులూ ఇంకా చేసిపెడుతూనే ఉన్నారు. వెల్స్ తల్లి అప్‌పార్క్ అనే పెద్ద బంగళాలో హౌస్‌కీపరుగా పనిచేసింది. అక్కడ నౌకర్లు తిరగడానికి నేల కింద సొరంగాలుండేవి. పైవాళ్ళ కంట పడకుండా పని జరిగిపోవాలి. ఆయన ఆ కిందినించి వచ్చినవాడే.

అయినా ఆయన కథానాయకుడు మోర్లాకులను చూసి అసహ్యించుకుంటాడు. ఇనప కడ్డీతో వాళ్ళ తలలు పగలగొడుతుంటే చేతికి హాయిగా ఉందన్నట్టు చెబుతాడు. నాకు ఆ పేజీలు ఇప్పటికీ మింగుడుపడవు. "తినడం తప్పు కాదా మరి?" అని మా రూమ్మేటు వాదించాడు. తప్పే. కానీ నేను ఏ వైపు నుంచి చదువుతున్నానో ఆ రాత్రి నాకు తెలిసింది. వెన్నెట్లో ఆడుకునేవాళ్ళలో నేను లేను.

తర్వాత సినిమా చూశాను, వీడియో క్యాసెట్లో. 1960లో జార్జ్ పాల్ తీసింది. మోర్లాకులకు నీలం ఒళ్ళు, తెల్ల జుట్టు. మనుషులు రెండుగా ఎందుకు చీలారంటే, వందల ఏళ్ళు యుద్ధం జరిగిందట, కొందరు కింద దాక్కుని కిందే ఉండిపోయారట. 2002లో వెల్స్ మునిమనవడు సైమన్ వెల్స్ మళ్ళీ తీశాడు. అందులో చంద్రుడు బద్దలవుతాడు. ఒకదాంట్లో యుద్ధం, ఒకదాంట్లో చంద్రుడు. యజమాని, పనివాడు అన్న మాట మాత్రం రెండిట్లోనూ లేదు. పుస్తకం తెరమీదికి పోయేటప్పుడు ముందుగా ఏం రాలిపోతుందో చూడ్డం నాకు అప్పటినుంచి అలవాటైంది.

మన తెలుగులో ఆ వెల్స్ పుస్తకం స్ఫూర్తితో ఆదిత్య 369 వచ్చింది. 1991 జులై 18 విడుదల. నేను డిగ్రీలో ఉన్నాను. తెనాలిలో చూశాను. తెనాలి రామకృష్ణుడుగా చంద్రమోహన్ కనబడగానే హాలంతా ఈలలు. నేనూ వేశాను. యంత్రం 1526లో దిగుతుంది, కృష్ణదేవరాయల కాలంలో. తర్వాత 2504కు పోతుంది. అక్కడ అణుయుద్ధం అయిపోయి మనుషులు నేల కింద బతుకుతుంటారు. సింగీతం శ్రీనివాసరావు పనితనానికి వంక పెట్టను. సైకిలు మీద ఇంటికొస్తూ దారంతా రాయల సభ గురించే ఆలోచించాను. నేను ఆ యంత్రం ఎక్కితే ఎక్కడ దిగుతాను? సభలో దిగనని మాత్రం తెలుసు. సభకు కిర్రు చెప్పులు కుట్టేవాడి ఇంటిముందు దిగుతానేమో. ఆ ఇల్లు సెట్టింగుల్లో లేదు.

ఆ నెలలోనే చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందున్న వాళ్ళకు తగిలిందన్న దగ్గర తగువు మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. మా ఊరికి ఎంతో దూరం కాదు. సినిమా హాల్లో ముందు సీటు కిందికి కాలు చాపినప్పుడల్లా ఇప్పటికీ వెనక్కి లాక్కుంటాను.

ఆ రోజుల్లో ఇంటికొచ్చాను. ఊరు ఊరంతా బిగుసుకుపోయి ఉంది. ఆసామి చెప్పు తెగిందని కబురు పంపితే నాయన ఆరె తీసుకుని బయల్దేరాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు వంగబట్టే మా మెడలు తెగుతన్నాయి. మీ తరమంతా పోతేగాని మాకు దారి లేదు" అన్నాను. అమ్మ వాకిట్లో చేట పట్టుకుని నిలబడిపోయింది. నాయన ఒక్క మాట అనలేదు. వెళ్ళి కుట్టి వచ్చాడు. ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు, ఆయన గుర్తుచేయనూ లేదు.

పీజీలోనే ఉర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ చదివాను. 1968లో వచ్చిన మొదటి పుస్తకం. అందులో మంత్రవిద్య నేర్చుకునే కుర్రాడు గెడ్ మేకలు కాసినవాడు, కంచరి కొడుకు, రాగిరంగు మనిషి. వాడి స్నేహితుడు వెచ్ నల్లనివాడు. తెల్లవాళ్ళే అక్కడ దండెత్తి వచ్చే పరాయివాళ్ళు. బళ్ళో ఒక గొప్పింటి కుర్రాడు గెడ్‌ను మేకలవాడా అని ఎగతాళి చేస్తాడు. మేం హాస్టల్లో రిజర్వేషన్ సీటు మాటలు పడినవాళ్ళం, ఆ ఎగతాళి మాకు అనువాదం అక్కర్లేదు. నన్ను పట్టింది మాత్రం పేర్ల సంగతి. అక్కడ ప్రతి మనిషికీ ఒక వాడుకపేరు, ఒక నిజపేరు. నిజపేరు శత్రువుకు తెలిస్తే ప్రాణం వాడి చేతుల్లోకి పోతుంది. గెడ్ తన తప్పువల్ల ఒళ్ళంతా గాయాలై, అవమానంతో ఒంటరిగా మిగిలినప్పుడు వెచ్ వచ్చి అడక్కుండానే తన నిజపేరు చెబుతాడు. అది చదివిన కొన్నాళ్ళకే నా రూమ్మేటు, మోర్లాకుల మీద వాదించినవాడే, లైటు తీసేశాక చీకట్లో తన కులం చెప్పాడు. ఏడాదిన్నరగా వేరే కులమని చెప్పుకుని తిరిగాడు. నాకన్నా ఒక మెట్టు కింద కూడా కాదు, మా కులమే. మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు, నిద్రా పోలేదు.

2004లో అమెరికాలో ఎర్త్‌సీని టీవీకి తీశారు. గెడ్‌ను తెల్ల కుర్రాడిని చేశారు. వాడుకపేరును నిజపేరుగా, నిజపేరును వాడుకపేరుగా తారుమారు చేశారు. లె గ్విన్ ఊరుకోలేదు. తన మనుషులకు సున్నం కొట్టారని పత్రికలో గట్టిగానే రాసింది. ఆమె తెల్లామె. రంగు తనది కాకపోయినా రంగు కోసం పోట్లాడింది. మన దగ్గర నవల రాసినవాళ్ళు సినిమావాళ్ళతో డబ్బు గురించి, టైటిల్లో పేరు గురించి పోట్లాడగా విన్నాను.

ఆక్టేవియా బట్లర్ రాసిన కిండ్రెడ్ నాకు 2005లో అందింది. 1979 నాటి పుస్తకం. డానా అనే నల్లజాతి అమ్మాయి, 1976, లాస్ ఏంజెల్స్. తన ఇరవయ్యారో పుట్టినరోజున కొత్తింట్లో పుస్తకాలు సర్దుకుంటూ కళ్ళు తిరిగి, పందొమ్మిదో శతాబ్దపు మేరీలాండ్‌లో పడుతుంది. బానిసల కాలం. యంత్రం లేదు, మీట లేదు. అక్కడ రూఫస్ అనే తెల్ల పిల్లాడికి ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఈమె లాగబడుతుంది. వాణ్ణి కాపాడాలి, ఎందుకంటే వాడే ఈమెకు మూలపురుషుడు. వాడు చస్తే ఈమె పుట్టదు. కొరడాదెబ్బలు తింటుంది, వంగడం నేర్చుకుంటుంది. చివరిసారి తిరిగొచ్చేటప్పుడు ఎడమచెయ్యి గోడలో ఉండిపోతుంది.

బట్లర్ తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసేది. దొడ్డి గుమ్మంలోంచి వెళ్ళేది, వినీ విననట్టు మాటలు పడేది. చిన్నప్పుడు అది చూసి బట్లర్ సిగ్గుపడింది. తర్వాత కాలేజీలో ఒక నల్ల కుర్రాడు, మనల్ని ఇన్నాళ్ళూ వెనక్కి లాగిన ఈ ముసలివాళ్ళందర్నీ చంపెయ్యాలనుంది, కానీ మా అమ్మానాన్నలతో మొదలుపెట్టాలే అన్నాడట. ఆ మాటకు జవాబుగా ఈ పుస్తకం పుట్టిందని ఆమె చెప్పుకుంది. అది తెలిసినప్పుడు నాకు వాకిలీ, అమ్మ చేతిలో చేటా కనబడ్డాయి.

2022 డిసెంబర్లో దీన్ని ఎనిమిది భాగాల సీరియల్‌గా తీశారు. 1976ను 2016 చేశారు. డానా భర్తను అప్పుడే పరిచయమైనవాడిగా మార్చారు. బాగానే తీశారు, నాకు నచ్చింది. మరుసటి నెలలోనే ఇక ముందుకు తీయమన్నారు. కథ సగంలో నిలిచిపోయింది. మా అమ్మాయి కంప్యూటర్లో చూస్తూ పక్కన నాయన ఉంటే బాగుండేదనుకున్నాను. ఆయన 2009లో పోయాడు.

పుస్తకం చదివినప్పుడు ఉన్నాడు. ఆ వేసవిలో ఇంటికెళ్ళి మంచం పక్కన కూచుని ఆ కథంతా చెప్పాను. కుట్టడం మానేసి చాలా ఏళ్ళయింది, చూపు ఆనడం లేదు. ఆ కుర్రాడు కాలేజీలో అన్న మాట కూడా చెప్పాను, కావాలనే. నాయన కొంచెంసేపు పైకప్పు చూసి, "ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడు పోవాల్సొస్తదో తెలీదు గదా. ఏం పట్టకపోయేది?" అన్నాడు.

సంచీ ఒకటి సర్దుకుని ఒంటికి కట్టుకునే ఉంటుందని చెప్పాను. బట్టలు, కత్తి, మాత్రలు.

"మీ అమ్మ కూడా కట్టింది" అన్నాడు. చుండూరు తర్వాత మూణ్ణెల్లు తలుపు పక్కన మూట కట్టిపెట్టి పడుకున్నారట. నేను హాస్టల్లో నినాదాలు రాస్తున్న రోజులవి, నాకు తెలియనే తెలియదు. పొయ్యి దగ్గరున్న అమ్మను, మూటలో ఏం పెట్టావని అడిగాను.

"రెండు కోకలు. రేషను కార్డు. నీ టెన్త్ సర్టిఫికెట్టు. మీ నాయన ఆరె, రంపి, గూటం" అంది. కాసేపాగి, "నీ పుస్తకాలు పట్టలా" అంది.