గాజుతొట్టిలోని సముద్రము

ఓరుగంటిలో సముద్రమును పెంచుట వెఱ్ఱి యని మిత్రులు నవ్విరి. అయినను మేము 200 లీటర్ల గాజుతొట్టి నిలిపి, లీటరునకు 35 గ్రాముల చొప్పున సముద్రలవణము కలిపి, ద్రాక్షగుత్తులవంటి కాలెర్పా నాచును, రెండు క్లౌన్ చేపలను అందు విడిచితిమి. ఆ చేపలు పగడపుదిబ్బలనుండి పట్టి తెచ్చినవి కావు, తొట్లలోనే పుట్టినవి. చేపల మాలిన్యమును నాచు ఆహారముగా గొని పెరుగును. పెరిగిన నాచును కత్తిరించి తీసివేసినచో మాలిన్యమును దానితో వెడలిపోవును. ఈ సమతూకమును 1850 ప్రాంతమున లండనులో వారింగ్టను మంచినీటి తొట్టియందు పరీక్షించెను. గాస్ 1854 లో సముద్రపు తొట్లను గూర్చి గ్రంథమే వ్రాసెను. ఇదంతయు చదివితి మను గర్వముతో, తొట్టిలో చేయి పెట్టవలదని ఇంటివారిని శాసించియుంటిమి.

వేసవి వచ్చెను. దినమునకు మూడు లీటర్లు ఇగిరిపోవుచుండగా, తఱిగినంత ఉప్పునీటినే కలిపి పోసితిమి. పదవనాటికి నాచు తెల్లబాఱి కరగెను, నీరు చెడెను, ఒక చేప తెల్లవాఱునప్పటికి తేలియుండెను. రెండవది రొప్పుచుండెను.

మా గృహిణి చూచి, "పులుసు ఇగిరినచో మరల ఉప్పు వేయుదుమా అండీ? పోయినది నీళ్లే కదా!" అనెను.

లెక్కింపగా 1,050 గ్రాముల లవణము అధికముగా చేరియుండెను. ఆమెయే కొంచెము కొంచెముగా ఉప్పునీరు తోడి మంచినీరు పోయుచు నాలుగు దినములలో సరిచేసెను. రెండవ చేప బ్రదికెను.

ఇప్పుడు నీరు కొలుచునది ఆమె. చేపకు జోడు తెత్తుమా యని మొన్న నడిగితిమి, వేసవి గడవనిండనెను.