లోడాష్ ఉండగా ఇదెందుకు?

జావాస్క్రిప్ట్‌కు లోడాష్ అనే రెడీమేడ్ యుటిలిటీ లైబ్రరీ ఉండగా, సొంతంగా ఇంకోటి రాయడం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. వాడుకోవడానికైతే అక్కర్లేదు. కానీ వండిపెట్టింది తినేవాడికి ఎసరు లెక్క తెలియదు.

మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్ మనమే రాస్తే, రెడ్యూస్ ఒక్కటుంటే మిగతా రెండూ దాంతోనే కట్టేయొచ్చని తెలుస్తుంది. డిబౌన్స్ రాస్తే క్లోజర్ బోధపడుతుంది. పాత టైమర్ జాడ నిలిచేది అందులోనే. అసలు పరీక్ష డీప్ క్లోన్ దగ్గర. జేసన్‌గా మార్చి వెనక్కి తెచ్చుకుంటే చాలనిపిస్తుంది. తీరా చూస్తే తేదీలు స్ట్రింగులైపోతాయి, ఫంక్షన్లు మాయమవుతాయి, తనలో తననే పెట్టుకున్న ఆబ్జెక్ట్ ఎర్రర్ ఇస్తుంది. పోనీ రకాన్ని బట్టి కాపీ చేద్దామంటే, టైపాఫ్ నల్‌ను కూడా ఆబ్జెక్టే అంటుంది. భాష పుట్టిన 1995 నాటి ఆ లోపాన్ని, దిద్దితే పాత సైట్లు చెడతాయని అలాగే ఉంచేశారు.

చిన్న పనికీ ఇతరుల కోడ్ మీదే ఆధారపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారం ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీ తొలగితే ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. చేసే పని మాత్రం స్ట్రింగ్‌కు ఎడమవైపు ఖాళీలు నింపడమే!

ఉద్యోగంలో లోడాష్‌నే వాడండి. అందులో నాలుగు ఫంక్షన్లు మాత్రం చూడకుండా మీరే రాయండి, టెస్టులతో సహా.